మద్రాసులో అచ్చయిన ఐర్లండు

2009 జూన్‌లో లండన్‌లో జరిగిన పాత పుస్తకాల ప్రదర్శనలో ఐర్లండు రచయిత జేమ్స్ జాయిస్ నవల ‘యులిసెస్’ తొలి ముద్రణ ప్రతి ఒకటి 2,75,000 పౌండ్లకు అమ్ముడైంది. అప్పటి మారకం లెక్కన 2 కోట్ల రూపాయల పైమాటే. 1922 ఫిబ్రవరి 2న పారిస్‌లో ఆ నవల వెలువడినప్పుడు వేసినవి 1,000 ప్రతులు. వాటిలో 100 చేతితో తయారైన డచ్ కాగితం మీద, రచయిత సంతకంతో, ఒక్కోటి 350 ఫ్రాంకులు. ఇంకో 150 ప్రతులు 250 ఫ్రాంకుల చొప్పున, మిగతా 750 ప్రతులు 150 ఫ్రాంకుల చొప్పున అమ్మారు. లండన్‌లో అంత ధర పలికింది ఆ మొదటి వందలోని ప్రతి.

అనకాపల్లి జిల్లా కోటవురట్లలో కూర్చుని ఈ అంకెలు చదివితే, ఐర్లండు సాహిత్యపు పాత పుస్తకాలు సేకరించడం కోటీశ్వరుల వ్యవహారమని అనిపించడం సహజం. అయితే అదే నవల మొదట్లో స్టీఫెన్ అనే యువకుడు తన అప్పుల చిట్టా మనసులో తిరగేసుకునే చోటు ఒకటుంది. అందులో కజిన్స్ అనే పేరు పక్కన 10 షిల్లింగుల బాకీ కనిపిస్తుంది. ఆ పేరు కల్పితం కాదు. 1904లో చేతిలో కాసు ఆడని జాయిస్‌కు తన ఇంట్లో చోటిచ్చిన కవి, నాటక రచయిత జేమ్స్ హెన్రీ కజిన్స్ ఆయనే. పుట్టింది 1873 జూలై 22న బెల్‌ఫాస్టులో. కన్నుమూసింది 1956 ఫిబ్రవరి 20న మన మదనపల్లెలో.

ఆ రెండు తేదీల మధ్య ఆయన రాసిన పుస్తకాల్లో కొన్ని డబ్లిన్, బెల్‌ఫాస్టు ముద్రణలైతే ఇంకెన్నో మద్రాసు ముద్రణలు. మొదటి రకాన్ని ఐర్లండులో గ్రంథాలయాలు, సేకర్తలు జాగ్రత్త చేసుకున్నారు. రెండో రకం మన ఊళ్లలో, మన బీరువాల్లో, మన వానలకు తడుస్తూ పోయింది. ఐరిష్ నాటక సాహిత్యం సేకరించాలనుకునే తెలుగు పాఠకుడు మొదలుపెట్టాల్సింది ఈ రెండో రకంతోనే అని నా గట్టి నమ్మకం. ఎందుకో అంకెలే చెబుతాయి.

ఒక తిరుగుబాటు, ఒక ఉద్యోగం

ఐర్లండులో సొంత నాటకరంగం కోసం ప్రయత్నం 1899లో మొదలైంది. కవి యేట్స్, రచయితలు లేడీ గ్రెగరీ, ఎడ్వర్డ్ మార్టిన్ కలిసి పెట్టిన ఐరిష్ లిటరరీ థియేటర్ ఆ ఏడాది మే నెలలో యేట్స్ నాటకం ‘ద కౌంటెస్ క్యాథలీన్’ ఆడింది. ఆ ప్రదర్శనల్లో నటులు ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్లు. ఐరిష్ నటులతోనే ఆడాలన్న పట్టుదల డబ్లిన్ నటులు ఫే సోదరులది. ఏఈ అనే కలం పేరుతో రాసే జార్జ్ రస్సెల్ నాటకం ‘డెయిర్డ్రా’ను ఫే సోదరుల దాకా చేర్చింది కజిన్స్. 1902 ఏప్రిల్ 2న ఆ నాటకాన్ని, దానితోపాటు యేట్స్ ‘క్యాథలీన్ నీ హూలిహన్’ను డబ్లిన్‌లో ఒక చిన్న హాలులో ఆడారు. ‘డెయిర్డ్రా’లో కజిన్స్ కూడా వేషం కట్టారు. అదే ఏడాది అక్టోబరులో ఆయన సొంత నాటకాలు రెండు, ‘ద స్లీప్ ఆఫ్ ద కింగ్’, ‘ద రేసింగ్ లగ్’, రంగస్థలమెక్కాయి. ఈ ఉద్యమానికి సొంత ఇల్లైన అబ్బీ థియేటర్ తలుపులు తెరిచింది 1904 డిసెంబరు 27న. అంటే అబ్బీకి రెండేళ్ల ముందే కజిన్స్ ఆ ఉద్యమంలో నటుడు, రచయిత. తర్వాత యేట్స్‌కు ఆయన రచనలు నచ్చలేదు. ఆయన పక్కకు జరిగిపోయారు.

1915లో దివ్యజ్ఞాన సమాజపు నాయకురాలు అనీబిసెంట్ పిలుపు మీద భార్య మార్గరెట్‌తో కలిసి కజిన్స్ మద్రాసు వచ్చారు. బిసెంట్ నడిపే ‘న్యూ ఇండియా’ పత్రికలో సాహిత్య విభాగం పని. 1916 ఏప్రిల్ 24న డబ్లిన్‌లో ఈస్టర్ తిరుగుబాటు చెలరేగింది. దాన్ని నడిపిన వారిలో కవులున్నారు: ప్యాట్రిక్ పియర్స్, థామస్ మెక్‌డొనా, జోసెఫ్ ప్లంకెట్. ముగ్గురినీ బ్రిటిష్ ప్రభుత్వం మే మొదటి రోజుల్లోనే కాల్చి చంపింది. తిరుగుబాటును మెచ్చుకుంటూ కజిన్స్ రాసిన వ్యాసంతో పత్రికలో కొలువు పోయింది. బిసెంట్ ఆయన్ని మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు ఇంగ్లీషు చెప్పడానికి పంపారు. డబ్లిన్ వీధుల్లో పేలిన తుపాకులే ఒక ఐరిష్ నాటక రచయితను రాయలసీమకు చేర్చాయి. ఈ సంగతి తెలిసినవాళ్లు మదనపల్లెలో ఉన్నారేమో గాని, ఉత్తరాంధ్రలో చాలా తక్కువ.

1919 ఫిబ్రవరి చివర్లో టాగూరు మదనపల్లె వచ్చి కజిన్స్ దంపతుల దగ్గర ఆగారు. అప్పుడు కళాశాల ప్రిన్సిపాల్ కజిన్సే. ఫిబ్రవరి 28న ‘జనగణమన’కు టాగూరు అక్కడే ఇంగ్లీషు అనువాదం చేశారు. మార్గరెట్ సంగీతం చదువుకున్న మనిషి, ఆ పాటకు స్వరలిపి కూర్చింది ఆవిడ. బడిపిల్లలకు కూడా తెలిసిన కథ ఇది. సేకర్తకు కావలసింది దీని వెనక ఉన్న మరో తేదీ: 1913 మే 17. ఆ రోజు అబ్బీ థియేటర్‌లో టాగూరు నాటకం ‘ద పోస్టాఫీస్’ ఇంగ్లీషులో ఆడారు. ఆ ప్రదర్శన ఆదాయం వెళ్లింది ఒక పాఠశాలకు. ఆ పాఠశాల నడిపిన మనిషి, మూడేళ్ల తర్వాత తూటాలకు బలైన ప్యాట్రిక్ పియర్స్.

అచ్చయినవెన్ని, మిగిలినవెన్ని

‘ద పోస్టాఫీస్’ పుస్తకంగా తొలిసారి వచ్చింది 1914లో, యేట్స్ ముందుమాటతో, డబ్లిన్ దగ్గర డండ్రంలోని క్వాలా ప్రెస్ నుంచి. వేసినవి 400 ప్రతులు. ఈ ప్రెస్ నడిపింది యేట్స్ చెల్లెలు ఎలిజబెత్. అక్షరాలు పేర్చేదీ, చేతి యంత్రం తిప్పేదీ అంతా ఆడవాళ్లే. 1903లో డన్ ఎమర్ అనే పేరుతో మొదటి పుస్తకం వేశారు. అది యేట్స్ కవితల సంపుటి ‘ఇన్ ద సెవెన్ వుడ్స్’, 325 ప్రతులు. 1908 నుంచి క్వాలా అనే పేరు. వాడిన కాగితం సాగర్ట్ అనే ఊరి మిల్లుది. నారగుడ్డ పీలికలతో చేసింది, తెల్లబరిచే రసాయనాలు లేనిది. నూరేళ్లు దాటినా పేజీ మడిస్తే విరగదు.

మద్రాసు పుస్తకాల సంగతి వేరు. కజిన్స్ రచనలు చాలావరకు మద్రాసు ప్రచురణ సంస్థ గణేశ్ అండ్ కో వేసింది. ‘న్యూ వేస్ ఇన్ ఇంగ్లీష్ లిటరేచర్’ 1917, ‘ద రినైసాన్స్ ఇన్ ఇండియా’ 1918, మీరాబాయి కథతో రాసిన పద్యనాటకం ‘ద కింగ్స్ వైఫ్’ 1919. మొదటి ప్రపంచ యుద్ధపు రోజులు, దాని వెంటనే వచ్చిన రోజులు కావడంతో మంచి కాగితం కరువు. దొరికిన గుజ్జు కాగితం మీద అచ్చు వేశారు. కొయ్య గుజ్జులో ఉండే ఆమ్లం ఏళ్లు గడిచేకొద్దీ కాగితాన్ని లోపలి నుంచే కొరుకుతుంది. ముందు అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి. తర్వాత మూలలు అప్పడంలా విరుగుతాయి.

పాత పుస్తకాల వ్యాపారం మొత్తంలో ఎక్కువమంది తప్పుగా చదివే లెక్క ఇదే. ఎన్ని అచ్చువేశారన్నది అరుదుదనానికి కొలత కాదు. ఎన్ని మిగిలాయన్నదే కొలత. 400 ప్రతులే వేసిన క్వాలా పుస్తకాన్ని కొన్నవాళ్లు మొదటి రోజు నుంచీ అపురూపమని తెలిసే కొన్నారు, అద్దాల బీరువాలో పెట్టారు. గణేశ్ అండ్ కో పుస్తకాన్ని కొన్నది కాలేజీ కుర్రాడు, ప్లీడరు, దివ్యజ్ఞాన సమాజపు సభ్యుడు. చదివారు, అరువిచ్చారు, గీతలు గీశారు, ఇల్లు మారినప్పుడు వదిలేశారు. మిగిలిన ప్రతులు తక్కువ. అడిగేవాళ్లు అంతకంటే తక్కువ కాబట్టి ధరలు ఇంకా మామూలు జీతగాడికి అందుబాటులోనే ఉన్నాయి.

పైగా ఇవి చిల్లర పుస్తకాలు కావు. ‘న్యూ వేస్ ఇన్ ఇంగ్లీష్ లిటరేచర్’ను సమీక్షించబోయి అరవిందులు 1917 డిసెంబరు నుంచి 1920 జూలై దాకా ‘ఆర్య’ పత్రికలో వరుస వ్యాసాలు రాశారు. అదే తర్వాత ‘ద ఫ్యూచర్ పొయెట్రీ’ గ్రంథమైంది. ఒక చిన్న విమర్శ పుస్తకం అంత పెద్ద ఆలోచనకు నాంది కావడం సాహిత్యంలో తరచు జరిగేది కాదు. మార్గరెట్ రాసిన ‘ది అవేకెనింగ్ ఆఫ్ ఏషియన్ ఉమన్‌హుడ్’ 1922లో ఇదే ప్రకాశకుల నుంచి వచ్చింది. ఆమె 1917లో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ స్థాపనలో, 1927లో అఖిల భారత మహిళా సభ పుట్టుకలో ముందున్న మనిషి. అంతకుముందు ఐర్లండులో, ఇంగ్లండులో ఆడవాళ్ల ఓటు కోసం జైలుకెళ్లింది. 1932లో ఇక్కడ మన స్వాతంత్ర్యం కోసం మాట్లాడి వెల్లూరు జైలుకెళ్లింది. ఐరిష్ నాటకరంగం కోసం వెతికే వాళ్లు ఆమె పుస్తకాన్ని పక్కన పెట్టడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

నాటకమే కావాలనేవాళ్లకు ‘ద కింగ్స్ వైఫ్’తోపాటు 1942 నాటి ‘ద హౌండ్ ఆఫ్ ఉలాద్’ ఉంది. ఉలాద్ అంటే అల్‌స్టర్, కజిన్స్ పుట్టిన సీమ. ఐర్లండు పురాణగాథల మీద రాసిన ఈ పద్యనాటకాలు అచ్చయింది అడయారు కళాక్షేత్రంలో. దంపతులిద్దరూ కలిసి రాసుకున్న ఆత్మకథ ‘వి టూ టుగెదర్’ 1950లో గణేశ్ అండ్ కో నుంచే వచ్చింది. డబ్లిన్ నాటక ఉద్యమంలో తొలి రోజులు ఎలా గడిచాయో లోపలి మనిషి చెప్పిన సాక్ష్యం అందులో ఉంది. జాయిస్ జీవిత చరిత్రకారులకూ, యేట్స్ మీద పనిచేసేవాళ్లకూ అవసరమైన పుస్తకం అది. మొదట కొనాల్సింది ఏదని అడిగితే నేను చెప్పే పేరు కూడా అదే.

అచ్చు లెక్క ఎక్కడుంటుంది

ఫలానా పుస్తకం ఎన్ని ప్రతులు వేశారో తెలుసుకోవడానికి ఐర్లండు కంటే మన దేశంలోనే మంచి దారి ఉంది. 1857 తర్వాత అచ్చు మీద కన్నేసిన ప్రభుత్వం 1867లో 25వ నంబరు చట్టం చేసింది. ప్రతి పుస్తకాన్నీ అచ్చయిన నెలలోపు ప్రభుత్వానికి సమర్పించాలి. మూడు నెలలకోసారి ప్రతి రాష్ట్రం జాబితా ప్రకటించాలి. ఆ జాబితాలో పుస్తకం పేరు, భాష, రచయిత, ముద్రాపకుడు, అచ్చయిన చోటు, తేదీ, పేజీలు, సైజు, ఎన్నో కూర్పు, ఎన్ని ప్రతులు, ధర ఎంత అనే వివరాలుండాలి. నిఘా కోసం పుట్టిన చట్టం ఇవాళ సేకర్తకు కొంగుబంగారం. మద్రాసు రాష్ట్రపు త్రైమాసిక జాబితాలు తిరగేస్తే కజిన్స్ పుస్తకాల వివరాలే కాదు, అదే కాలపు తెలుగు నాటకాల వివరాలూ బయటపడతాయి. 157 ఏళ్లు నడిచిన ఆ చట్టం స్థానంలో 2024 మార్చి 1 నుంచి కొత్త చట్టం వచ్చింది. అందులో పుస్తకాల ఊసు లేదు. ముందు తరాల సేకర్తలకు ఈ లెక్క దొరకదన్నమాట.

రెండో ఆధారం, 1967లో అలన్ డెన్సన్ తయారు చేసిన కజిన్స్ దంపతుల గ్రంథసూచి. ఏ పుస్తకం ఏ ఏడాది ఎవరు వేశారో అందులో చూసుకోవచ్చు. కొనేముందు టైటిల్ పేజీ, దాని వెనక పేజీ ఫొటో తీసి పంపమని అమ్మేవాళ్లను అడగండి. ఏడాది, ప్రకాశకుల చిరునామా, కూర్పు సంఖ్య ఆ రెండు పేజీల్లోనే ఉంటాయి. అట్ట మారిందా, చివరి పేజీలు, ప్రకటనల పేజీలు ఉన్నాయా అన్నది తర్వాతి ప్రశ్న. మన దగ్గర పాత పుస్తకాలకు కొత్తగా బైండింగు చేయించే అలవాటు ఎక్కువ. బైండరు అంచులు కోసేటప్పుడు పాఠకులు రాసుకున్న గమనికలు సగం తెగిపోతాయి. అసలు అట్ట వదులైనా సరే, అదున్న ప్రతికే విలువ.

చదవడానికైతే పుస్తకం కొననే అక్కర్లేదు. మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాతి ఏడాది మొదలు 60 ఏళ్లు హక్కు ఉంటుంది. అంతకుముందు 50 ఏళ్లే. టాగూరు రచనల గడువు 1991తో ముగుస్తుండటంతో పార్లమెంటు దాన్ని పదేళ్లు పెంచింది. ఈ లెక్కన 1939లో పోయిన యేట్స్, 1941లో పోయిన జాయిస్ ఎప్పుడో స్వేచ్ఛ పొందారు. కజిన్స్ రచనలు 2017 జనవరి 1 నుంచి అందరివీ. 1964లో పోయిన షాన్ ఓకేసీ నాటకాలు 2025 జనవరి 1 నుంచి. నచ్చిన నాటకాన్ని తెలుగులోకి తెచ్చి కోటవురట్ల హైస్కూలు పిల్లలతో ఆడించాలనుకునే మాస్టారు వీరిలో ఎవరి వారసుల అనుమతి కోసమూ ఎదురుచూడనక్కర్లేదు.

తడిగాలిలో కాగితం

గాలిలో తేమ 65 శాతం దాటి నిలిస్తే పుస్తకానికి బూజు పడుతుంది. మన ఉత్తరాంధ్ర తీరప్రాంతంలో ఏడాదిలో చాలా నెలలు తేమ అంతకంటే పైనే. అందుకే ఇక్కడ సేకరణ అంటే సగం కొనడం, సగం కాపాడటం. బయటి గోడకు ఆనించి బీరువా పెట్టకూడదు, బెత్తెడు జాగా వదలాలి. ఇనుప బీరువాలో పెట్టి నెలల తరబడి తాళం వేయడం కంటే, గాలి ఆడే చెక్క అరలో పెట్టి వారానికోసారి చేత్తో తీసి చూడటం మేలు. చెదల బెడద ఉన్న ఇంట్లో కింది అర ఖాళీగా ఉంచాలి. పురుగు పట్టిన ప్రతిని పాలిథిన్ సంచిలో గాలి చొరకుండా కట్టి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచి, బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకుండా వదిలేస్తే పురుగులు గుడ్లతో సహా చస్తాయి. చిరిగిన పేజీకి సెల్లో టేపు అంటించడం పుస్తకానికి చేసే అతి పెద్ద కీడు. దాని జిగురు కాగితంలోకి ఇంకి శాశ్వతంగా మరక వేస్తుంది. గోధుమపిండి జిగురు, పల్చని జపాన్ కాగితం ఉంటే చాలు. లామినేషన్ ఆలోచనే వద్దు.

ఎక్కడ వెతకాలి

మద్రాసు మూర్ మార్కెట్ ఒకప్పుడు ఈ పుస్తకాలకు పుట్టిల్లు. 1900లో కట్టిన ఆ మార్కెట్ 1985లో తగలబడిపోయింది. ఇప్పుడు హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్, విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులు మిగిలాయి. కోటవురట్ల వాళ్లకు నర్సీపట్నం రోడ్ స్టేషన్ నుంచి విజయవాడ, చెన్నై రెండూ ఒకే రైలు మార్గం. అయితే బజారులో కంటే ఇళ్లలో దొరికే అవకాశం ఎక్కువ. 1920ల్లో మద్రాసులో చదువుకుని వచ్చిన ప్లీడర్ల, హెడ్మాస్టర్ల కుటుంబాలు, దివ్యజ్ఞాన సమాజపు పాత శాఖలు చూడాలి. తూకానికి పోయే ముందు ఒకరు కన్ను వేస్తే చాలు.

ఒక నియమం మాత్రం ఎవరూ సడలించకూడదు. గ్రంథాలయం ముద్ర ఉండి, తొలగించినట్టు ముద్ర లేని పుస్తకాన్ని ఎంత అరుదైనదైనా కొనకండి. వేటపాలెం సారస్వత నికేతనం, 1886లో మొదలైన అడయారు లైబ్రరీ, చెన్నై కన్నెమరా లాంటి చోట్ల నుంచి జారిపోయే ప్రతి పుస్తకమూ పదిమంది పాఠకుల నోటి దగ్గరది. కనిపిస్తే ఆ గ్రంథాలయానికి చెప్పడం మన బాధ్యత.

విదేశాల నుంచి తెప్పించుకునేవాళ్లు 2019 జూలై బడ్జెట్ దిగుమతి పుస్తకాల మీద 5 శాతం కస్టమ్స్ సుంకం వేసిందని గుర్తుంచుకోవాలి. ఇక్కడి పుస్తకం బయటికి పంపాలంటే ఇంకా జాగ్రత్త కావాలి. 1972 పురావస్తువుల చట్టం 100 ఏళ్లు దాటిన చారిత్రక వస్తువులను, 75 ఏళ్లు దాటిన విలువైన చేతిరాతలను, పత్రాలను దేశం దాటించనివ్వదు. కజిన్స్ సంతకమో ఉత్తరమో ఉన్న ప్రతి చేతికొస్తే పురావస్తు శాఖను అడగకుండా ఐర్లండుకు పార్సిల్ కట్టొద్దు.

ఉత్తరాంధ్ర సేకర్తకు ఈ అరలో మరో పుస్తకం పెట్టుకునే హక్కుంది. డబ్లిన్‌లో ఐరిష్ లిటరరీ థియేటర్ తెర లేవడానికి ఏడేళ్ల ముందే, 1892లో, విజయనగరంలో ‘కన్యాశుల్కం’ ఆడారు. పుస్తకంగా 1897లో వచ్చింది. 1909 కూర్పులో గురజాడ దాన్ని ఎంతగా తిరగరాశారంటే రెండూ దాదాపు వేర్వేరు నాటకాలు. పాలకుల భాష ఇంగ్లీషు రాజ్యమేలే రోజుల్లో, మామూలు జనం మాట్లాడే పలుకుతోనే గొప్ప నాటకం రాయొచ్చని విజయనగరం నిరూపించింది. అక్కడ లేడీ గ్రెగరీ, నాటక రచయిత సింజ్ ఐరిష్ పల్లెల నుడికారంతో ఆ పని చేసింది ఆ తర్వాతే. 1897 కన్యాశుల్కం, 1919 ‘ద కింగ్స్ వైఫ్’, 1950 ‘వి టూ టుగెదర్’. ఈ మూడింటినీ ఒక చోట చేర్చగలిగిన ఇల్లు ప్రపంచంలో ఎక్కడైనా ఉండొచ్చు. వాటిని వెతకడానికి మాత్రం డబ్లిన్ కంటే కోటవురట్లే దగ్గర.